తప్పు టైరు ఎవరి ఖాతాలో?

మా బాల్కనీలో మేకుకు ఒక కొత్త సైకిలు టైరు మూడేళ్ళుగా వేలాడుతోంది. ఇంతవరకు రోడ్డు ముఖం చూడలేదు. ఇంగ్లండు నుంచి విమానమెక్కి వచ్చిన సరుకు. అంచు చుట్టూ రాత్రిపూట మెరిసే వెండి గీత కూడా ఉంది. మా ఆవిడ దాని మీదికి మనీప్లాంటు పాకించింది. ఇంటికొచ్చినవాళ్ళు అదేదో కొత్తరకం అలంకారం అనుకుని మెచ్చుకుంటారు. నేను నోరు మెదపను. ఇరవై ఏళ్ళుగా అకౌంట్లు రాసుకుని బతుకుతున్న మనిషిని ఒక చిన్న భిన్నం దగ్గర బోల్తా కొట్టానని అందరికీ చెప్పుకోవడం ఎందుకు?

ఇంట్లో సైకిళ్ళు రెండు. ఒకటి నేను ఇంటర్‌లో చేరినప్పుడు నాన్న కొనిపెట్టిన ఎస్‌ఎల్‌ఆర్. రెండోది 2015లో నా జీతంతో కొనుక్కున్న గేర్ల సైకిలు. మొదటిదాని టైరు అరిగిపోయింది. పక్కన చూస్తే 26 × 1 3/8 అని అచ్చు వేసి ఉంది. మూడు బై ఎనిమిది అంటే 0.375. నేను అలవాటుగా చూసే విదేశీ ఆన్‌లైన్ దుకాణంలో 26 × 1.35 టైరు కనబడింది. తేడా అంగుళంలో నలభయ్యో వంతు, అంటే మిల్లీమీటరు కూడా లేదు. ఆ మాత్రం రబ్బరు సర్దుకుంటుందిలే అనుకుని డబ్బు కట్టేశాను. మూడు వారాలకు పెట్టె వచ్చింది. విప్పి రిమ్ముకు ఆనించి చూస్తే, పదేళ్ళ పిల్లాడి చొక్కా నేను తొడుక్కోబోయినట్టుంది.

సైకిలు టైర్ల కొలతలంత మోసకారి లెక్క మరొకటి లేదు. అంగుళాల్లో రాసేది ఎప్పటిదో ఒక పాత టైరు బయటి వ్యాసం తాలూకు పేరు మాత్రమే. రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం వేరు, సరిపోవలసింది అది. భిన్నంలో రాసిన 26 × 1 3/8కి ఆ వ్యాసం 590 మిల్లీమీటర్లు. దశాంశంలో రాసిన 26కి 559. మధ్య 31 మిల్లీమీటర్ల గొయ్యి. ఇంకా విడ్డూరం చెప్పనా? 27 అంగుళాల పాత రేసు సైకిలు రిమ్ము 630. 27.5 అని ఇప్పుడు అమ్మేది 584. 29 అంగుళాలని గొప్పగా చెప్పేదీ, 700సీ అనేదీ రెండూ 622. పాలవాళ్ళు క్యాన్లు తగిలించుకుని తిరిగిన మన పాత 28 × 1 1/2 సైకిలుది 635. అంటే 29 కంటే 28 పెద్దది, 27.5 కంటే 27 పెద్దది. అసలు కొలత టైరు పక్కనే, చిన్న అక్షరాల్లో 37-590 అని ఉంటుంది. నా పాత టైరు మీదా ఉండే ఉంటుంది. చూడలేదు.

ఆ టైరు చేత్తో పట్టుకుని మా హైదరాబాద్‌లో విద్యానగర్ నుంచి నల్లకుంట వైపు వెళ్ళే సందులో చాచా దగ్గరికి వెళ్ళాను. పేరు ఆయనకు ఉంది, కానీ పిల్లల దగ్గర నుంచి ముసలివాళ్ళ దాకా చాచా అనే అంటాం. దుకాణం అంటే ఒక డబ్బా, ముందు ఒక గాలి పంపు, పంక్చరు చూసే నీళ్ళ తొట్టి. ఆయన టైరు వంక ఒక్కసారి చూసి, "ఇది రేంజరు టైరు సార్. మీది ఎస్‌ఎల్‌ఆర్ కదా" అన్నారు. అంతే. 559, 590 అనే అంకెలు ఆయన జన్మలో విని ఉండరు. కొండలెక్కే రకం సైకిలు ఏ కంపెనీదైనా ఆయనకు రేంజరే. కానీ ఏ టైరు దేనికి పడుతుందో కంటితో చెప్పేస్తారు. లోపలి నుంచి లూధియానా టైరు తీసి, నాలుగు వందల లోపు తీసుకుని, పది నిమిషాల్లో ఎక్కించి పంపారు.

విదేశీ దుకాణం తప్పేమీ లేదు. అడిగింది అడిగినట్టు పంపింది. వాపసు తీసుకుంటామని కూడా రాసింది, కాకపోతే తిరుగు రవాణా ఖర్చు నాదేనట. కనుక్కుంటే అది టైరు ధరను మించిపోయింది. అందుకే ఆ మేకు, ఆ మనీప్లాంటు.

ఇక్కడ కొనాలా, అక్కడ తెప్పించుకోవాలా అని సైకిలు మిత్రులు పొద్దున్నే ఇరానీ చాయ్ దగ్గర వాదించుకుంటారు. ఎప్పుడూ ధర దగ్గరే తిరుగుతుంది ఆ వాదన. అక్కడ ఎంత, ఇక్కడ ఎంత, తేడా ఎంత. నేను అడిగేది ఇంకొకటి: పొరపాటు జరిగితే ఎవరి ఖాతాలో రాయాలి? చాచా నాకు తప్పు టైరు ఇచ్చి ఉంటే రెండో నిమిషంలో ఆయనే విప్పి వేరేది ఎక్కించేవారు. ఆ టైరు డబ్బాలోనే ఉండేది, రేపు మరొకరికి పనికొచ్చేది. అక్కడి నుంచి తెప్పించుకున్నప్పుడు కొలత తప్పు నాది, రంగు తప్పు నాది, కస్టమ్స్‌లో ఇరుక్కుంటే అదీ నాదే. తక్కువ ధర అని మనం మురిసిపోయేదాంట్లో ఒక భాగం, ఆ నష్టభయం మన నెత్తికెత్తుకున్నందుకు వాళ్ళిచ్చే కూలి.

ఆ రోజుల్లో ధరలు నిజంగానే తక్కువ. ఉత్తర ఐర్లండుకు చెందిన చైన్ రియాక్షన్ సైకిల్స్, ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్‌కు చెందిన విగిల్ అనే దుకాణాలు మా బోటివాళ్ళకు అప్పట్లో పుణ్యక్షేత్రాలు. కారణంలో మాయేమీ లేదు. బ్రిటన్‌లో కొనేవాడు కట్టే 20 శాతం వ్యాట్ ఎగుమతి సరుకు మీద ఉండదు. సైకిలు తయారీదారుల కోసం ఉద్దేశించిన భాగాలు, అట్టపెట్టె లేకుండా వట్టి సంచిలో ఉన్నవి, అక్కడ చవగ్గా దొరికేవి. 2016 జూన్‌లో బ్రిటన్ యూరప్ నుంచి విడిపోతానని ఓటు వేసినప్పుడు, వంద రూపాయల దగ్గరున్న పౌండు కొద్ది రోజుల్లో తొంభై చుట్టుపక్కలకు దిగింది. నా మిత్రుడొకడు ఆ వారం ఆఫీసుకు సెలవు పెట్టి మరీ ఆ దుకాణాల్లో ఆర్డర్లు పెట్టుకున్నాడు. అవతలి దేశం భవిష్యత్తు గురించి అంత సంతోషించినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

అవన్నీ గతవైభవం. 2020 నవంబరులో మన ప్రభుత్వం నిషేధించిన యాప్‌లలో అలీఎక్స్‌ప్రెస్ ఒకటి. దాంతో చైనా నుంచి చిల్లర మల్లర తెప్పించుకునే దారి మూసుకుపోయింది. కరోనా కాలంలో లోకమంతా ఒక్కసారిగా సైకిలెక్కితే గేర్లు తయారుచేసే షిమనో కంపెనీ భాగాల కోసం నెలల తరబడి వేచి చూడాల్సి వచ్చింది. తరవాత గాలి తీసేసిన ట్యూబులా గిరాకీ పడిపోయింది. అప్పటికే ఒక్కటైపోయిన విగిల్, చైన్ రియాక్షన్ 2023 అక్టోబరులో దివాలా ప్రక్రియలోకి వెళ్ళాయి. చాచా డబ్బా మాత్రం అక్కడే ఉంది. అలాగని గర్వపడేదీ లేదు. కరోనా వచ్చిన 2020లో జూన్ 3న, అంటే సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు, అట్లాస్ సైకిళ్ళ కంపెనీ ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లోని తన చివరి ఫ్యాక్టరీలో పని ఆపేసింది.

ఇంతవరకు చదివి నేను స్థానిక దుకాణాల తరఫు వకీలునని అనుకుంటే తొందరపడ్డట్టే. హ్యాంగర్ సంగతి వినండి.

గేర్ల సైకిలుకు వెనక గేరు మార్చే యంత్రం నేరుగా ఫ్రేముకు ఉండదు. మధ్యలో అరచేతిలో పట్టేంత అల్యూమినియం ముక్క ఒకటి ఉంటుంది. అదే హ్యాంగర్. సైకిలు పడిపోతే ఫ్రేము పాడవకుండా అది వంగిపోవాలి, ఇంకా గట్టి దెబ్బ తగిలితే విరిగిపోవాలి. దాని ఉద్యోగమే అది. ఒక ఆదివారం చిలుకూరు నుంచి వస్తూ చెరకు రసం కోసం ఆగి, స్టాండు లేని సైకిలును చెట్టుకు ఆనించాను. చెట్టు ఒప్పుకోలేదు. సైకిలు కుడివైపుకు పడింది.

నగరానికి పడమర వైపున్న ఒక పెద్ద షోరూముకు వెళ్ళాను. పేరు చెప్పను. గాజు తలుపులు, కాఫీ యంత్రం, గోడకు లక్షల రూపాయల కార్బన్ సైకిళ్ళు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరు 1న మొదలైనప్పటి నుంచి అటువైపు సైకిలు గిరాకీ పెరిగింది. కౌంటరులోని అబ్బాయి సైకిలు వంక చూసి, "ఈ మోడల్ ఆగిపోయింది సార్, హ్యాంగర్ రాదు" అన్నాడు. తెప్పిస్తారా అని అడిగాను. "ఎక్స్ఛేంజ్ ఆఫర్ నడుస్తోంది సార్" అన్నాడు. చిటికెన వేలంత ముక్క వంగితే సైకిలంతా మార్చుకోమన్న ఆ పెద్దమనసుకు దండం పెట్టి బయటికి వచ్చాను.

చాచా ముందే చెప్పారు, "అల్యూమినియం ఇనుములాంటిది కాదు సార్. సరిచేస్తా, కానీ విరిగితే నన్ను అనొద్దు." పెద్ద పానా తగిలించి మెల్లగా వంచారు. రెండు నెలలు నడిచింది. మూడో నెలలో తార్నాక ఫ్లైఓవర్ ఎక్కుతుండగా టప్పుమంది. పొరపాటు ఎవరి ఖాతాలో అనే నా సిద్ధాంతం అక్కడ నన్నే వెక్కిరించింది. స్థానికంగా చేయించినా ఈసారి ఖాతా నాదే. అయితే ఆ సంగతి ముందుగా నా ముఖం మీద చెప్పి, నా చేత ఒప్పించుకుని మరీ పని మొదలుపెట్టారాయన. ఏ వెబ్‌సైటులోనైనా నిబంధనలన్నీ చదవకుండా ఒప్పుకున్నానని గుర్తు పెట్టడానికీ దీనికీ చాలా తేడా ఉంది.

చివరికి హ్యాంగర్ విదేశం నుంచే వచ్చింది. అక్కడి దుకాణంలో వందల ఆకారాలున్నాయి. ప్రతి దానికీ బొమ్మ, స్క్రూల మధ్య దూరం మిల్లీమీటర్లలో. టైరు నేర్పిన బుద్ధితో ఈసారి స్కేలు పెట్టి మూడుసార్లు కొలిచాను. పద్నాలుగు వందల రూపాయల ముక్క చేతికి అందేసరికి మూడు వేలు దాటింది. ఇది అన్యాయమని మిత్రులంటారు గానీ లెక్క తెలిసినవాడికి ఆశ్చర్యం లేదు. వస్తువు ధర, రవాణా, బీమా కలిపిన మొత్తం మీద దిగుమతి సుంకం వేస్తారు. ఆ సుంకం కూడా కలిపిన మొత్తం మీద ఐజీఎస్టీ అనే పన్ను. దాని పైన పత్రాలు నింపినందుకు కొరియరువాళ్ళ రుసుం. ఆ రుసుం పెద్ద పెట్టెకైనా చిన్న పెట్టెకైనా పెద్దగా మారదు కాబట్టి చిన్న పెట్టె మీదే దెబ్బ ఎక్కువ పడుతుంది. ఒక్క చైను, ఒక్క టైరు అక్కడి నుంచి తెప్పించుకునేవాడు బొత్తిగా లెక్క రానివాడని నా అభిప్రాయం. మూడేళ్ళ క్రితం ఆ జాబితాలో మొదటి పేరు నాదే.

ఆ షోరూము అబ్బాయి మీద ఇప్పుడు కోపం లేదు. వందల రకాల హ్యాంగర్లలో ఏది ఎప్పుడు ఎవరు అడుగుతారో తెలియదు. అడగకపోతే ఆ ముక్కలు గాజు అల్మారాలో ఏళ్ళ తరబడి పడి ఉంటాయి, వాటిలో పెట్టిన పెట్టుబడికి వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఏ దుకాణదారూ ఆ బరువు మొయ్యలేడు. నాకు అభ్యంతరమల్లా, తెప్పించి ఇస్తాను, వారం పడుతుంది, ఇంత అవుతుంది అని ఒక్క మాట అనలేకపోవడం. ఆ మాట అని ఉంటే విదేశీ ధర కంటే అయిదు వందలు ఎక్కువైనా అక్కడే ఇచ్చేవాణ్ణి.

ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీదా వాటి విడిభాగాల మీదా జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తరవాత నెలకు చైను కొనడానికి ఇంకో దుకాణానికి వెళ్తే పాత ధరే చెప్పారు. అదేమని అడిగితే పాత స్టాకు అన్నారు. బిల్లు ఇమ్మంటే కాల్కులేటరు చూపించారు. అంతటితో ఆగలేదు. చైనుతో పాటు వెనక పళ్ళచక్రాల సెట్టూ, ముందు పళ్ళచక్రమూ మొత్తం మార్చాలన్నారు. ఇలాంటి చోట మనకు కావలసింది ఒక ఉక్కు స్కేలు, అంతే. చైనులో లింకు లింకుకూ అర అంగుళం. కొత్త చైనులో ఒక పిన్ను నడిమి నుంచి ఇరవై నాలుగు లింకుల అవతలి పిన్ను నడిమికి కచ్చితంగా 12 అంగుళాలు. అది పదహారో వంతు పెరిగితే చైను మార్చే వేళైందని అర్థం. ఎనిమిదో వంతు దాకా పెరగనిస్తే పళ్ళు కూడా అరిగిపోతాయి, అప్పుడు సెట్టు మార్చక తప్పదు. నాది పదహారో వంతు. స్కేలు తీసి చూపించాను. ఆ దుకాణదారు నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది. మా అత్తగారు కూరలో ఉప్పు తక్కువైందన్న అల్లుణ్ణి అలా చూస్తారు.

ఇక స్వదేశీ మాట. స్థానికంగా కొంటే దేశానికి మేలంటారు కొందరు. ఏ సరుకు చూసి అంటారో తెలియదు. చాచా డబ్బాలోని టైర్లు, ట్యూబులు, పుల్లలు లూధియానావే, నిజం. గేర్ల సైకిలు దగ్గరికి వచ్చేసరికి షిమనో జపాన్‌ది, కేఎంసీ చైను తైవాన్‌ది. దుకాణంలో కొన్నా సముద్రం దాటి వచ్చిన సరుకే. కంటెయినరులో వచ్చి సుంకం ముందే కట్టుకుంది, అంతే తేడా. జెండా ఊపితే చైను అరగడం ఆగదు.

ఊళ్ళోనే దొరికే ఒక వింత మాత్రం రాణీగంజ్‌లో ఉంది. పోయిన వేసవిలో గేర్ల సైకిలు వెనక చక్రం తిరుగుతుంటే ఇసుక నమిలినట్టు చప్పుడు చేసింది. చాచా ఇరుసు విప్పి, లోపలి గోళీలను అగ్గిపెట్టె మూతంత రేకు పళ్ళెంలో కిరసనాయిలు పోసి అందులో వేశారు. ఇటు తొమ్మిది, అటు తొమ్మిది. ఒకదాన్ని తీసి, గుడ్డతో తుడిచి, నా అరచేతిలో పెట్టి ఎండకు తిప్పమన్నారు. అద్దంలా మెరవాల్సిన గోళీ మీద దుమ్ము పట్టిన కంటిలా మసక. ఇరుసు మీద గోళీలు ఆనుకుని దొర్లే ఏటవాలు బిళ్ళను కోను అంటారు, దాని మీద గోరుతో గీశారు. గోరు ఒక చోట టక్కున ఆగింది. "ఇక్కడ చూడండి సార్, గుంట పడింది. గోళీలు ఎన్ని మార్చినా ఈ గుంట కొత్తవాటినీ తినేస్తుంది."

గోళీల కోసం రాణీగంజ్ వెళ్ళాను. బేరింగుల దుకాణాల వరసలో పావు అంగుళం గోళీలు అడిగితే, ఎన్ని అని కాకుండా ఎంత అని అడిగారు. గుప్పెడు గోళీలు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చారు. రెండు చాయ్‌ల డబ్బు కూడా కాలేదు. ఇవే గోళీలు విదేశీ దుకాణంలో పద్దెనిమిది లెక్కపెట్టి, పేరున్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి, పౌండ్లలో అమ్ముతారు. గోళీకి ఊరేమిటి, పేరేమిటి? గుండ్రంగా, గట్టిగా, ఒకే కొలతతో ఉంటే చాలు. కోను మాత్రం రాణీగంజ్‌లో లేదు. చాచా డబ్బాలో రేకు డబ్బా నిండా కోనులున్నాయి, కానీ ఇరుసు మర వేరు, ఒకటీ ఎక్కలేదు. అదీ విదేశం నుంచే వచ్చింది, ఇంకో రెండు హ్యాంగర్లతో కలిపి ఒకే పెట్టెలో. ఒక పెట్టెకు కట్టే రుసుముకు ఎన్ని ముక్కలు పడితే అన్ని. ఇప్పుడు ఆర్డరు పెట్టే ముందు మిత్రులందరినీ అడుగుతాను.

నా అసలు సిగ్గు వేరే. గేర్ల సైకిలుకు సీటు కావాల్సి వచ్చినప్పుడు సికింద్రాబాద్‌లో ఒక దుకాణంలో మూడు సీట్ల మీద కూర్చుని చూశాను. ఆయన ప్రతి సీటునూ నా సైకిలుకు బిగించి, ఎత్తు సరిచేసి, ఒక చుట్టు తిరిగి రమ్మన్నారు. నచ్చినదాని పేరు ఫోనులో రాసుకుని, ఆలోచించి చెబుతానని వచ్చేశాను. ఆరు వందలు తక్కువకు విదేశం నుంచి తెప్పించుకున్నాను. ఆయన గంట సేపు పెట్టిన పనికి నేనిచ్చింది ఒక అబద్ధం. ఆ సీటు మీద కూర్చున్నప్పుడల్లా గుర్తొస్తుందంటే నాటకీయంగా ఉంటుంది. గుర్తు రాదు. సీటు హాయిగానే ఉంది. అందుకే దాన్ని ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

మన ఊళ్ళో చేతిపనికి ధర ఉండదు. సరుకు మీద లాభంలోనే కూలి కలిసిపోయి ఉంటుందని అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. సరుకు బయటి నుంచి తెచ్చుకుని, బిగించడానికి యాభై రూపాయలిచ్చి వచ్చేవాడు ఆ లాభాన్ని చల్లగా మింగేసినట్టే. విదేశీ పళ్ళచక్రాల సెట్టు పట్టుకెళ్ళిన రోజున చాచా కూడా యాభై అనే అన్నారు. అదే సెట్టు ఆయన దగ్గర కొని ఉంటే ఎంత మిగిలేదని అడిగాను. ఆయన నవ్వి మాట దాటేశారు. మళ్ళీ అడిగితే, "నా దగ్గర అది ఎక్కడుంది సార్?" అన్నారు. మూడు వందలు చేతిలో పెట్టాను. యాభై ఉంచుకుని మిగతాది తిరిగిచ్చారు. అప్పుడు చాయ్ తెప్పించి, రెండు వందలకు రాజీ పడ్డాం.

ఆ సెట్టు విప్పడానికి పళ్ళున్న పానా ఒకటి కావాలి. అది కూడా నేనే తెప్పించాను. పని అయ్యాక ఇంటికి తెచ్చుకోవడం ఎందుకని చాచా డబ్బాలోనే వదిలేశాను. ఇప్పుడది నీళ్ళ తొట్టి పైన మేకుకు వేలాడుతుంది. దాని మాట ఆ చుట్టుపక్కల పాకింది. గేర్ల సైకిళ్ళ కుర్రాళ్ళు అడిక్‌మెట్ నుంచి, రామ్‌నగర్ నుంచి వస్తున్నారు. పోయిన ఆదివారం నేను వెళ్ళేసరికి ముగ్గురు నా ముందున్నారు. నా పానా కోసం నేనే వరసలో నిలబడ్డాను.

నా వంతు వచ్చాక చాచా చేతులు తుడుచుకుంటూ అడిగారు. "సార్, ఆ రేంజరు టైరు ఇంకా ఉందా? ఒక కుర్రాడికి సరిగ్గా అదే కావాలట. మంచి ధర ఇప్పిస్తా." ఇంటికి వెళ్ళి మా ఆవిడతో చెప్పాను. టైరు చుట్టూ తీగ మూడు వరసలు తిరిగిందనీ, ఇప్పుడు కదిలిస్తే ఆకులు రాలిపోతాయనీ, ఆ కుర్రాడికి కావాలంటే ఇంగ్లండు నుంచి తెప్పించుకోమనీ చెప్పింది.